ఇనుము, అనిత్యత, యోగక్షేమం

తుప్పు పట్టడమంటే ఇనుము తన పాత రూపానికి మళ్లడం. గనిలో అది ఆక్సిజన్‌తో కలిసి ఎర్రరాయిగా ఉంటుంది. కొలిమిలో బొగ్గుతో కాల్చి ఆ ఆక్సిజన్‌ను విడదీస్తేనే లోహం చేతికొస్తుంది. దాని మీద పలచని నీటి పొర నిలిస్తే చాలు, ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదులుతుంది, పక్కనే ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది, మళ్లీ మట్టిరంగు తేలుతుంది. నీటిలో ఉప్పు కలిస్తే ఈ ఇచ్చిపుచ్చుకోలు మరీ వేగం. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాస్తుంది. ఇనుము తుప్పు మాత్రం ఉబ్బి, పెచ్చులుగా రాలి, కింది లోహాన్ని మళ్లీ తడికి అప్పగిస్తుంది.

హైదరాబాద్‌లో గడ్డిఅన్నారం, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో చాలా బండ్లు రాత్రిళ్లు ఆరుబయటే ఉంటాయి. చికాగోలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఇక్కడ లేదు, విశాఖలోలా సముద్రపు గాలీ లేదు. అయినా డిసెంబరు తెల్లవారుజామున ట్యాంకు, హ్యాండిల్, చైన్ మంచుకు తడిసిపోతాయి. రోడ్డు దుమ్ము ఆ తడిని పీల్చుకుని బోల్టుల సందుల్లో, మడ్‌గార్డ్ అంచుల్లో, స్పోకుల మొదళ్లలో పట్టి ఉంచుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కప్పితే చెమ్మ ఎండెక్కినా పోదు. ఎవరూ చూడని చోటు సైలెన్సర్ లోపలి భాగం. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా మాత్రమే నడిచే బండిలో సైలెన్సర్ సరిగా వేడెక్కదు. చలిలో ఆవిరి లోపలే నీరై నిలుస్తుంది. పైన మెరుస్తున్న గొట్టానికి లోపలి నుంచి చిల్లులు పడేది ఇలాగే.

కట్టినదంతా కూలేదే, కూడినదంతా విడిపోయేదే అని భారతీయ దర్శనాలు చాలావరకు ఒప్పుకుంటాయి. మరి పోయేదాన్ని రోజూ తుడిచి, నూనె రాసి కాపాడుకోవడం వివేకమా, మమకారమా? ఈ ప్రశ్నకు తుప్పే మంచి పరీక్ష, ఎందుకంటే బౌద్ధుల ధమ్మపదం కూడా దాన్నే ఉపమానంగా ఎంచుకుంది. ఇనుములో పుట్టిన తుప్పు ఇనుమునే తిన్నట్టు, మనిషి చేసిన చెడ్డపని అతన్నే తింటుందని మలవర్గంలో చెబుతుంది. రసాయనశాస్త్రం ప్రకారమూ ఈ పోలిక గట్టిదే. తుప్పు బయటి నుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు, ఇనుమే అలా మారుతుంది.

బౌద్ధం ఈ పేటకు పరాయిది కాదు. చైతన్యపురిలో మూసీ ఒడ్డున కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గరి బండ మీద విష్ణుకుండిన రాజుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. సుమారు 5వ శతాబ్దానికి చెందిన ఆ బ్రాహ్మీ అక్షరాల్లో గోవిందరాజ విహారం పేరు కనిపిస్తుంది. దిల్లీలో నేటికీ నిలిచిన ఇనుప స్తంభం కూడా ఇంచుమించు ఆ కాలానిదే. అందులోని భాస్వరం వల్ల పైన ఏర్పడిన పొర దాన్ని కాపాడుతూ వచ్చింది.

అనిత్యతను అంత గట్టిగా బోధించిన బౌద్ధ సంఘం వస్తువులను ఎలా చూసిందో భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెబుతుంది. భిక్షాపాత్ర ఇనుముదైనా మట్టిదైనా కావచ్చు. తడి పాత్రను అలాగే దాచడం నిషిద్ధం, ఎందుకంటే పాడవుతుంది. ఎండలో అదేపనిగా ఉంచడమూ నిషిద్ధమే, ఎందుకంటే రంగు చెడుతుంది. నీళ్లు ఒంపి, కాసేపు ఎండబెట్టి, తీసి పెట్టాలి. సర్వం అనిత్యమన్నవారే ఒక గిన్నె తడి గురించి ఇంత పట్టించుకోవడంలో వైరుధ్యమేమీ లేదు. శాశ్వతమైనదానికి కాపు అక్కర్లేదు. చెడిపోయే స్వభావం ఉన్నదానికే ఆరబెట్టేవాడు కావాలి. పైగా పాత్ర దానంగా వచ్చింది. దాన్ని పాడుచేయడం ఇచ్చినవారి శ్రమను పాడుచేయడమే. వాయిదాల మీద కొన్న బండి వెనకా ఒక కుటుంబం శ్రమ అలాగే ఉంటుంది.

వైదిక సంప్రదాయం ఇదే విషయానికి ఒక జంటపదం ఇచ్చింది. తెలుగువాళ్లు ఉత్తరాల్లో అడిగే యోగక్షేమాలకు గీత 9వ అధ్యాయంలోని ‘యోగక్షేమం వహామ్యహం’ శ్లోకం భాష్యంలో శంకరులు చెప్పిన అర్థం ఇది: లేనిది పొందడం యోగం, పొందినదాన్ని రక్షించుకోవడం క్షేమం. ఎల్‌ఐసీ తన ధ్యేయవాక్యాన్ని తీసుకున్నదీ ఆ శ్లోకం నుంచే. అక్కడ భగవంతుడు భరిస్తానంటూ వాడిన ‘వహామి’ అన్న క్రియకూ వాహనమన్న మాటకూ ధాతువు ఒకటే. కొత్త బండికి గుడి ముందు చేసే పూజ యోగానికి సంబంధించినది. క్షేమానికి ఉన్న పండుగ దసరా. ఆ రోజు పూజకు ముందు చేసే పని కడగడం, తుడవడం, అంటే ఆచారంలోనే సంరక్షణ ఇమిడి ఉంది. అయితే ఆ తర్వాత జరిగేది గమనించాలి. నిమ్మరసం ఆమ్లం, కొబ్బరినీళ్లలో లవణాలుంటాయి, తడి పసుపు చెమ్మను పట్టి ఉంచుతుంది. వాటిని అలాగే వదిలేస్తే పూజ చేసిన చోటే మచ్చ పడుతుంది. సాయంత్రానికి మంచినీటితో తుడిచి ఆరబెట్టడం పూజకు లోటు కాదు.

తెలంగాణలో దసరా సాయంత్రం కొలిచే జమ్మిచెట్టు కథలోనూ ఈ జాగ్రత్తే ఉంది. వ్యాసభారతం విరాటపర్వంలో ఆయుధాలను చెట్టెక్కి దాచినవాడు నకులుడు. వాన పడని చోట్లు చూసి మరీ వాటిని కట్టాడు. ధర్మం తమ పక్షాన ఉందని పాండవులు గాండీవాన్ని వానకు వదిలేయలేదు.

ఇక ఆచరణలో ఈ క్షేమం చాలా చిన్న పనులతో నడుస్తుంది. ఉదయాన్నే పొడిగుడ్డతో మంచు తుడవాలి. కడిగిన బండిని ఆరబెట్టకుండా కవరు కప్పకూడదు. లవణాలు ఎక్కువున్న బోరునీటితో కడిగితే, ఆరి తెల్లమరకలు కట్టకముందే తుడవాలి. చైన్‌కు సుమారు 500 కిలోమీటర్లకోసారి, తడిసినప్పుడు ఇంకా ముందే, లూబ్ వేయాలి. వారానికోసారైనా ఇంజన్, సైలెన్సర్ బాగా కాగేంత దూరం నడపాలి. నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు నింపి ఉంచితే లోపలి గోడల మీద చెమ్మ చేరే చోటు తగ్గుతుంది. బోల్టుల మీది జింకు పూత తానే ముందు ఎలక్ట్రాన్లిచ్చి అరిగిపోతూ కింది ఉక్కును నిలబెడుతుంది. దాన్ని ఇసుక కాగితంతో గీకి మెరిపించాలనుకోవడమే పొరపాటు. కాపాడటానికీ మురిపానికీ తేడా సరిగ్గా అక్కడ బయటపడుతుంది.

కొన్నిసార్లు ఏ జాగ్రత్తా చాలదు. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత తర్వాత సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగాయి. అలా మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు. ప్లగ్గు విప్పి నీరు పోనిచ్చి, ఆయిల్ మార్పించి, బురద కడిగించి, ఆరాక చైన్‌కు, కేబుళ్లకు మళ్లీ మొదటి నుంచి నూనె పట్టించాలి.