సూది ఎవరి కోసం?

మా అత్తిముగంలో అవ్వకు బి.పి. మాత్రలు తెచ్చి ఇచ్చే అక్క ఒకరు ఉన్నారు. 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద ఆమె ఇల్లిల్లూ తిరుగుతారు. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ గారు ఈ పథకాన్ని మొదలుపెట్టింది మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని ఆ పేరుకు అర్థం. వైద్యం ఇంటి దాకా నడిచి వస్తే మంచిదే. అయితే ఆ అక్కకు ఫ్లూ తగిలి ఉంటే అది కూడా ఆమెతోనే నడిచి వస్తాది కదా! ఆమె వెళ్లేది ఎవరి ఇళ్లకు? బి.పి., షుగరు ఉన్నవాళ్లు, మంచం పట్టినవాళ్లు, వయసు మళ్లినవాళ్ల ఇళ్లకు. ఫ్లూ ఎవరికి ప్రమాదమో సరిగ్గా వాళ్ల ఇళ్లకే.

అందుకే ఈ ప్రశ్న. రోగుల దగ్గర పని చేసేవాళ్లు ఏడాదికొకసారి ఫ్లూ టీకా వేసుకోవడం వాళ్ల ఇష్టమా, బాధ్యతా? బాధ్యత అయితే బలవంతం చేయవచ్చా?

మన ఊళ్లో చాలామంది పడిశం, ఫ్లూ రెండూ ఒకటే అనుకుంటారు. ముక్కు కారితే 'ఫ్లూ వచ్చింది' అంటా ఉంటారు. కానీ ఇన్‌ఫ్లుయెంజా వేరే వైరస్. 1918లో బొంబాయి రేవులో దిగిన ఆ జ్వరం మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మన దేశంలో మొదటి కేసు బయటపడింది హైదరాబాదులో, అమెరికా నుంచి విమానంలో వచ్చిన ఒకరికి. 2015లో మళ్లీ వచ్చి దేశంలో 2,990 మంది చనిపోయారు. ఇంకో సంగతి మనం గమనించాల. ఒళ్లు వెచ్చబడడానికి ఒక రోజు ముందే ఫ్లూ ఇతరులకు అంటుకోగలదు. అంటే 'నాకు జ్వరం వస్తే నేను డ్యూటీకి పోను' అనే మంచి మనిషి కూడా తెలియకుండా దాన్ని పంచిపెట్టవచ్చు.

టీకా గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాల. ఈ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటాది. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, రాబోయే కాలానికి ఏ రకాల వైరస్‌లను టీకాలో పెట్టాలో చెప్తుంది. నిరుడు వేసుకున్న సూది ఈ ఏడుకు చాలదు. వేసుకున్న తరువాత బలం రావడానికి రెండు వారాలు పడుతుంది. టీకా బాగా కుదిరిన ఏడు కూడా జబ్బు వచ్చే అవకాశాన్ని 40 నుంచి 60 శాతం వరకే తగ్గిస్తుంది.

ఇది విన్న వెంటనే మా తరగతిలో ఒకడు, 'సగం పని చేసే సూది ఎందుకప్పా?' అన్నాడు. నేను వాణ్ణి అడిగాను: హోసూరు హైవేలో హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు ఎవరూ చనిపోవడం లేదా? మరి ఎందుకు పెట్టుకోమంటారు? వాడు నవ్వినాడు కానీ ఒప్పుకోలేదు. 'హెల్మెట్ నా తలకి, సూది ఇంకొకరి తలకి' అన్నాడు. నిజానికి వాడి మాటలోనే అసలు విషయం ఉంది. హెల్మెట్ నా మంచికి. నర్సు వేసుకునే సూదిలో సగం ఆమె మంచికి, సగం మంచం మీద పడుకున్న మనిషి మంచికి. ముసలివాళ్ల ఒంట్లో టీకా అంత బాగా పట్టదు. అందుకని వాళ్లకు సూది వేస్తే సరిపోదు, వాళ్ల చుట్టూ తిరిగేవాళ్లు కూడా వేసుకుంటేనే కాపుదల.

మా నాయన టమాట తోటలో పని చేస్తారు. ఆయన ఫ్లూ సూది వేసుకోకపోతే ఎవరూ ఆయన్ని తప్పు పట్టరు, పట్టకూడదు కూడా. ఆయన దగ్గరికి వచ్చే మనిషి కావాలంటే దూరంగా నిలబడవచ్చు. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి నిలబడలేడు. సెలైన్ ఎక్కించేటప్పుడు 'నువ్వు సూది వేసుకున్నావా?' అని నర్సును అడగలేడు. బేరికె బస్సు ఎక్కినప్పుడు డ్రైవరు కళ్లు బాగున్నాయా అని మనం పరీక్ష చేస్తామా? ఎవరో చూసి ఉంటారని నమ్మి కూర్చుంటాము. అడగలేనివాడు నమ్ముకున్నప్పుడు నమ్మించుకున్నవాడి మీద బరువు ఎక్కువ పడుతుంది. ఇది నా అభిప్రాయం.

దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు చేసే ముందు డాక్టర్లు క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టారు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా చాలామంది డాక్టర్లు ఆయన మాట ఒప్పుకోలేదు. ఈ రోజు ఏ డాక్టరైనా 'నా చేతులు నా ఇష్టం' అంటే మనం ఊరుకుంటామా? అయితే ఈ పోలికను చివరిదాకా లాగకూడదు. నీళ్లు చర్మం పైనే ఆగిపోతాయి, సూది లోపలికి పోతుంది. ఒంటి లోపలికి పోయేదాని మీద మనిషికి హక్కు ఉండాల.

మన సుప్రీం కోర్టు కూడా ఇదే చెప్పింది. కరోనా టీకా కేసులో 2022 మే 2న ఎల్. నాగేశ్వరరావు గారు, బి.ఆర్. గవాయి గారు ఉన్న ధర్మాసనం, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, రాజ్యాంగం 21వ అధికరణం మనిషి ఒంటిని కాపాడుతుందని తీర్పు ఇచ్చింది. దాంతోపాటే, అందరి ఆరోగ్యం కోసం ప్రభుత్వం తగిన మేరకు ఆంక్షలు పెట్టవచ్చని కూడా చెప్పింది. ఒకే తీర్పులో రెండు మాటలు. నాకు రెండూ న్యాయంగానే అనిపించాయి.

అమెరికాలో సియాటిల్ నగరంలోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2005 ప్రాంతంలో పనివాళ్లందరూ ఫ్లూ సూది వేసుకోవాల్సిందే అని నియమం పెట్టింది. నర్సుల సంఘం ఎదురుతిరిగి గెలిచింది. సంఘంలోని నర్సులు వద్దంటే సూది వేయకూడదు, మాస్కు పెట్టుకుని పని చేయాలి అని తేలింది. తమాషా ఏమంటే, అయినా మొత్తం సిబ్బందిలో నూటికి 98 మంది దాకా వేసుకున్నారు. అంటే వద్దనే హక్కు ఇచ్చినంత మాత్రాన అందరూ వద్దనరు.

ఇక్కడ మన సంగతికి వస్తాను. ఆరోగ్య సిబ్బంది ఫ్లూ టీకా వేసుకోవాలని మన కేంద్ర ఆరోగ్య శాఖ సూచనల్లో ఉంది. కానీ పిల్లలకు ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో ఇది లేదు. ప్రైవేటులో ఒక సూదికి వెయ్యి రూపాయలు దాటుతుంది. చిన్న జీతంతో ఎండలో తిరిగే అక్కను 'నీ బాధ్యత, నీ డబ్బుతో వేసుకో' అంటే అది ధర్మమా? నేను ఆమెనే అడిగాను. 'సూదికి భయం లేదు పాపా, కరోనాలో వేసుకుంటిమి కదా. ఈ సూది సంగతి మాకు చెప్పినోళ్లు ఎవరు?' అన్నారు.

మా పిన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు పని చేసేది. ఒకసారి ఒళ్లు కాలిపోతుంటే సెలవు అడిగింది. 'మాస్కు వేసుకుని రా, రాకపోతే జీతం కట్' అన్నారంట. రెండు రోజులు జ్వరంతోనే రోగుల పక్కలు మార్చింది. సూది గురించి బాధ్యత మాట్లాడేవాళ్లు ముందు ఈ సెలవు గురించి మాట్లాడాల. జ్వరంతో ఉన్న మనిషిని వార్డులోకి పిలిచి, టీకా వేసుకోలేదని ఆమెనే తిట్టడం నాకు అర్థం కాదు.

సరే, సూది ఉచితంగా ఇచ్చారు, పని చేసే చోటికే తెచ్చారు, జ్వరానికి జీతంతో సెలవు ఇచ్చారు. అయినా ఒకరు వద్దన్నారు. అప్పుడు? పసిబిడ్డలు, క్యాన్సరు రోగులు ఉండే వార్డయితే నేను కఠినంగానే ఉంటాను. ఫ్లూ కాలం పోయేదాకా వాళ్లకు వేరే పని ఇవ్వాల. ఉద్యోగం తీసేయకూడదు, ఆ మంచాల దగ్గరికి మాత్రం పంపకూడదు. మన పల్లెలో అట్ల కుదరదు. ఇక్కడ ఉండేది ఒకే అక్క. ఆమెను ఆపితే ఆ నెల మాత్రలు ఆగుతాయి, బి.పి. ఆగదు. సూది వేసుకోని అక్క వస్తే ప్రమాదమా, అసలు అక్కే రాకపోతే ప్రమాదమా అని అడిగితే, రాకపోవడమే పెద్ద ప్రమాదం అంటాను. ఆమె మాస్కుతో రావాల, గడప దగ్గరే మాత్రలు ఇవ్వాల. అందరికీ ఒకే నియమం అని చెన్నైలో కూర్చుని రాయడం సులభం.

ఇంకొక మాట ఉంది. 'ఆరోగ్య సిబ్బంది' అంటే మనకు తెల్ల కోటు, స్టెతస్కోపు గుర్తుకొస్తాయి. డాక్టరు ఒక మంచం దగ్గర కొన్ని నిమిషాలే నిలబడతారు. నేల తుడిచేవాళ్లు, దుప్పట్లు మార్చేవాళ్లు, భోజనం తెచ్చేవాళ్లు రోజంతా అక్కడే ఉంటారు. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు మనుషులు, ఆసుపత్రి పుస్తకంలో పేరు కూడా ఉండదు. 2021 జనవరి 16న కరోనా టీకా మొదలైనప్పుడు హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో మొదటి సూది పారిశుద్ధ్య పని చేసే ఒక మహిళకే వేశారు. ఫ్లూ సూదికి పట్టిక తయారు చేసే రోజున ఆ వరసనే పట్టుకోవచ్చు, పై నుంచి కాకుండా చీపురు పట్టుకున్నవాళ్ల దగ్గరి నుంచి పేర్లు రాసుకుంటూ పోవచ్చు.