పార్థసారథి గుఱ్ఱములకు ఇచ్చిన విశ్రాంతి

ఫాల్గుణమాసము వచ్చునప్పటికి కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములలో అనేక గృహములందు అర్ధరాత్రి దాటినను దీపము ఆరదు. పదవ తరగతి, ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షల కాలమది. చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకొను పిల్లలును కలరు. తల్లిదండ్రులు చుక్కాపూర్ లక్ష్మీనరసింహస్వామికి మ్రొక్కుకొందురు. పిల్లలు నిద్ర మాని పుస్తకము ముందు కూర్చుందురు. కొలది దినములకు చదివిన పుటనే మరల చదివినను తలకెక్కదు, అన్నము సహింపదు, చిన్నమాటకే కన్నీరు వచ్చును. పెద్దలు దీనిని సోమరితనమని మందలింతురు. అది సోమరితనము కాదు, అలసట. అలసటకు ఏమి చేయవలెనో శ్రీకృష్ణపరమాత్మయే కురుక్షేత్రమున చేసి చూపినాడు.

మహాభారతమున ద్రోణపర్వములోని కథ యిది. పదునాల్గవనాటి యుద్ధము. సూర్యాస్తమయములోపల జయద్రథుని వధింతునని అర్జునుడు ప్రతిజ్ఞ చేసియుండెను. అంతకు మించిన గడువుగల పరీక్ష వేఱొకటి యుండునా? సైంధవుడు ఇంకను దూరముననే యున్నాడు. రథాశ్వములు బాణములు నాటి, దప్పిగొని, డస్సియున్నవి. గుఱ్ఱములను విప్పుటయే మేలని తోచుచున్నదని అర్జునుడనగా స్వామి సమ్మతించెను. అర్జునుడు రథము దిగి, నేలపై నిలిచి శత్రుసేనను అడ్డగించెను. అస్త్రముతో భూమిని భేదించి కొలను కల్పించెను. జగన్నాథుడు స్వహస్తములతో గుఱ్ఱముల మేని బాణములు పెఱికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, మరల రథమునకు పూన్చెను. ఆనాటి ప్రొద్దు క్రుంకకమునుపే ప్రతిజ్ఞ నెరవేరినది.

ఆ విశ్రాంతి యుద్ధమునుండి దొంగిలించిన కాలము కాదు. యుద్ధములోని ఒక భాగము. కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను చెప్పినది. విద్యార్థి రథమునకు పూన్చిన గుఱ్ఱములకును దప్పి కలదు.

ప్రాచీన పాఠశాలలలో ఇది నియమముగనే యుండెను. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్యలు అనధ్యయన దినములు. సీతమ్మ ఎంత కృశించెనో వానరులకు వివరించుచు హనుమంతుడు ఆ తల్లిని పాడ్యమినాడును చదువు మానని వాని విద్యతో పోల్చినట్లు సుందరకాండమున వాల్మీకి చెప్పినాడు. విరామ మెఱుగని చదువు పెరుగదు, సన్నగిల్లును. గీత ఆఱవ అధ్యాయమున భగవానుడు ఆహారవిహారములతోపాటు నిద్రను, మేలుకొనుటను గూడ మితముగ నుంచుకొమ్మని బోధించినాడు.

ఎల్లారెడ్డి ప్రాంతపు రైతునకు ఈ సత్యము క్రొత్తది కాదు. 1931లో మంజీరపై పూర్తియైన నిజాంసాగర్ నీటిని యాసంగి పైరునకు విడతలు విడతలుగ వదలుదురు. ఉన్న నీరంతయు ఒక్కమారే వదలినచో కాలువకు గండి పడును. పైరు చివరివరకు దక్కదు. చదివినది నిద్రలో మనస్సున స్థిరపడునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. 13 మొదలు 18 ఏండ్లవారికి రోజునకు 8 నుండి 10 గంటల నిద్ర కావలెనందురు.

కావున గృహస్థులు రాత్రి వేళకు దీపము ఆర్పింపవలెను. వేకువన పిల్లలు హయగ్రీవస్వామిని స్మరించి చదువునకు కూర్చుండవలెను; గంటకొకమారు లేచి నాలుగడుగులు నడువవలెను. ఎన్ని మార్కులు వచ్చునని అడుగుటకు ముందు, "తిన్నవా బిడ్డా, మంచిగ పండుకున్నవా" అని తల్లి అడుగవలెను.

ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు ఫలితము ప్రతికూలము కావచ్చును. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితముల పిమ్మట తెలంగాణమున పలువురు పిల్లలు ప్రాణములు విడిచిరి. ఆ శోకము ఏ ఇంటను మరల కలుగరాదు. లంకయంతయు వెదకినను సీతమ్మ కానరాక హనుమంతుడంతటివాడును నిరాశలో ప్రాణత్యాగమును తలపోసెను. పిమ్మట, బ్రదికియున్నవానికే శుభము కలుగునని నిశ్చయించుకొనెను. అప్పుడు కంటబడినది అశోకవనము, వెదకక మిగిలిన చోటు. అమ్మ అచ్చటనే యున్నది. పరీక్ష తప్పిన బిడ్డకు సప్లిమెంటరీ పరీక్ష అట్టి అశోకవనము. బిడ్డ మౌనము భయము గొల్పినచో ఒంటరిగ విడువరాదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో టెలి-మానస్ సేవయందు పగలురేయి ఉచితముగ మాటలాడి ధైర్యము చెప్పువారు కలరు.

తల్లిదండ్రులు కొరడా విడిచి, ఆ సారథివలె గుఱ్ఱములకు నీరు పెట్టుట నేర్వవలెను. తక్కినది స్వామి చూచుకొనును.