ఇరుసు దాకా దిగబడిన బండి

చిరంజీవి అమ్మలుకి,



నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా నా చెవిలోనే ఉంది. "ముందుకెళ్ళాలని లేదు, వెనక్కి రావడానికి మొహం లేదు పెదనాన్నా" అన్నావు. నువ్వు అశోక్‌నగర్‌లో ఆ గది తీసుకుని నాలుగేళ్ళయింది. గ్రూప్స్ రెండుసార్లు రాశావు, రెండుసార్లూ కొద్దిలో తప్పింది. ఇప్పుడు పది దాటితేగాని మంచం దిగడం లేదట, పుస్తకం తెరిస్తే ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదట. అప్పుడు నాకు సరిగ్గా మాట రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాకు పన్నెండేళ్ళప్పుడు, తుఫాను వెలిసిన మర్నాడు, ధాన్యం బస్తాలతో మన బండి పుంతలో దిగబడింది. మీ తాతయ్య బండి మీద నిలబడి చర్నాకోల ఝళిపించారు. ఎద్దులు మోకాళ్ళ మీద పడ్డాయి, లేచాయి, మళ్ళీ లాగాయి. లాగినకొద్దీ చక్రం కిందికే పోయింది. ఇరుసు బురదకి ఆనింది. అప్పుడు మన ముసలి పాలేరు ముందుకొచ్చి, "కొట్టకండి బాబూ, వాటి తప్పేం లేదు" అన్నాడు. కాడి విప్పి ఎద్దుల్ని చెట్టు కిందికి తోలాడు. బస్తాలన్నీ గట్టు మీదికి మోయించాడు. చక్రం ముందు బురద పారతో తీసి ఎండు కొబ్బరి మట్టలు పరిచాడు. ఇద్దరు చక్రం ఆకులు పట్టుకుని ముందుకోసారి, వెనక్కోసారి ఊపారు. జానెడు కదిలింది. మళ్ళీ కాడి కట్టారు. అవే ఎద్దులు, అదే పుంత. ఈసారి ఒక్క ఊపులో లాగేశాయి.

కొన్ని నెలలుగా నిన్ను నువ్వే ఆ చర్నాకోలతో కొట్టుకుంటున్నావు తల్లీ. చేతకానిదాన్ననీ, బద్ధకమనీ అనుకున్నకొద్దీ ఇంకాస్త దిగబడుతున్నావు. ముందు బస్తాలు దించు. నాన్న నెలనెలా పంపే డబ్బు తలచుకుంటే అన్నం సయించడం లేదన్నావు కదా. వాడితో మాట్లాడాను. వాడడిగింది ఒక్కటే, పిల్ల వేళకి తింటోందా అని. ఆ బరువు ఇవాళే దించెయ్. మళ్ళీ పరీక్ష రాయాలా, ఉద్యోగం చూసుకోవాలా అన్నది కూడా ఇప్పుడే తేలనక్కర్లేదు. బురదలో ఉన్న బండిలో కూర్చుని ఏ ఊరెళ్ళాలో ఎవరూ తేల్చుకోరు.

ఇలా దిగబడి బయటపడ్డవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివితే, ఖద్దరు కట్టారని సర్జరీ ప్రొఫెసరు కినుక వహించి, ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కేలా చేశాడు. అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు. తర్వాత బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్రపాత్రలు కడిగారు. మీ అక్క కడుపుతో ఉన్నప్పుడు వేసుకున్న ఫోలిక్ యాసిడ్ ఉంది చూడు, 1940లలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి ఆయనే పెద్ద. స్ప్రూకీ అది మందే. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ రాత్రి డ్యూటీ. తన చదువుకి తగిన పని దొరికేదాకా ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ పూటకి అందిన పని పట్టుకున్నారు. ఉత్సాహం వచ్చాక కదులుదామని నువ్వు చూస్తున్నావు. నేనెరిగినంతలో కదిలాకే అది వస్తుంది.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకు. నిద్ర, ఆకలి ఇలాగే చెడి రెండు వారాలు దాటిందంటే, అది నీ మనసు బలహీనత కాదు, డాక్టరుకి చూపించుకోవాల్సిన సంగతి. టెలి మానస్ అని ప్రభుత్వానిదే 14416 నంబరుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నాతో చెప్పలేనిది వాళ్ళతో చెప్పు.

రేపు పొద్దున లేచి మొహం కడుక్కుని, చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడిచి వెళ్ళు. పుస్తకాల సంచీ వద్దు, ఉత్త చేతులతో వెళ్ళు. పేపరు తిరగేసి, దారిలో ఇడ్లీ తిని వచ్చెయ్. వచ్చేటప్పుడు నాకోసారి ఫోన్ చెయ్యి. అప్పటికి నేను పాలు పోయించి వచ్చి అరుగు మీదే కూర్చుని ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న