కాయకములోని సంతోషము ఎవరి కొరకు?

విశాఖపట్టణపు స్టేషనులోనికి పోయి, ఇంజను మార్చుకొని, వచ్చిన దారినే వెనుకకు మరలవలసిన శ్రమ లేకుండుటకై కొన్ని దూరపు బండ్లు దువ్వాడలోనే ఆగి సాగిపోవుచుండును. ఆ స్టేషనునకు చేరువనే ఉక్కు కర్మాగారము కలదు. ఎగుమతుల కొరకు 1989లో ఏర్పరచబడి, 2003లో ప్రత్యేక ఆర్థిక మండలముగా మారిన పరిశ్రమల వాడయు అచ్చటనే యున్నది. ప్రొద్దు పొడువకముందే ఉదయపు షిఫ్టునకు పోవువారును, రాత్రి షిఫ్టు ముగించి వచ్చువారును కూర్మన్నపాలెం కూడలిలో ఎదురుపడుదురు. వచ్చువారి కన్నులు ఎఱ్ఱబడియుండును. పోవువారి చేతిలో అన్నపు క్యారేజీ యుండును. ఈ వేలాది జనులు తమ పనిలో సంతోషముగా నున్నారా? ఆ సంతోషముతో సంస్థకేమి ప్రయోజనము? ఈ రెండు ప్రశ్నలను నేటి వ్యాపార విద్యాలయములు మిక్కిలి శ్రద్ధతో చర్చించుచున్నవి. కాయకమును జీవితమునకు నడుమ నిలిపిన బసవేశ్వరుల అనుయాయులకు ఇవి క్రొత్త ప్రశ్నలు కావు.

వ్యాపార శాస్త్రజ్ఞుల సమాధానము స్పష్టమైనది. 1959లో హెర్జ్‌బర్గ్ అను అమెరికా పండితుడు తన సహచరులతో కూడి ఒక గ్రంథమును ప్రకటించెను. జీతము, గదిలోని గాలి వెలుతురు, పై అధికారి ప్రవర్తన చెడినచో మనిషికి అసంతృప్తి కలుగును. కాని అవి బాగుపడినంత మాత్రమున పనిపై ప్రీతి పుట్టదు. చేసిన పనికి గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల ఉన్నప్పుడే అది పుట్టునని ఆయన తేల్చెను. 2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు బ్రిటిష్ టెలికాం సంస్థలో టెలిఫోను ద్వారా అమ్మకములు చేయు ఉద్యోగులను పరిశీలించి, సంతోషముగా నున్న వారములలో వారి అమ్మకములు సుమారు 13 శాతము పెరిగినవని ప్రకటించిరి. వారు ఎక్కువ గంటలు పనిచేయలేదు. ఆ గంటలలోనే పని చక్కగా సాగినది. ఇవన్నియు నిజములే. ఉద్యోగి ముఖము చూడని యజమాని లెక్కల పుస్తకమునైనను చూచి మారునేమో యని ఇట్టి పరిశోధనలను స్వాగతింపవలసినదే.

అయినను ఇందులో ఒక చిక్కు కలదు. లాభము కొరకే కార్మికుని సంతోషపెట్టవలెనని ఒప్పుకొన్నచో, భయపెట్టుట వలన అంతకంటె ఎక్కువ లాభము వచ్చు చోట భయపెట్టుటయే సరియైనదని ఒప్పుకొనవలసి వచ్చును. ఎడ్లకు దాణా పెట్టు రైతు కూడ దుక్కి బాగుగా సాగుటకే పెట్టును. మనిషి విషయమున ఆ లెక్క చాలదు.

శరణుల కథలలో ఈ చిక్కునకు మార్గము దొరకుచున్నది. అయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజల నేరుకొని, దానితోనే దాసోహము నడుపుచుండెను. ఒకనాడు ఎన్నడును లేనంత బియ్యము తెచ్చి ఇంటిలో పెట్టగా, భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఆశ మనకేల యని మందలించి, మిగిలినది తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. లక్కమ్మ చూచినది రాశిని కాదు, భర్త మనస్సును. నులియ చందయ్య గడ్డి కోసి త్రాడు పేనుట కాయకముగా గలవాడు. పని నడుమ ఇష్టలింగము జారిపడినను ఆయన కాయకమును ఆపలేదని శూన్యసంపాదన చెప్పుచున్నది. ఇట్టివారికి సంతోషము పనికి ముందుగా ఇచ్చు ఎర కాదు, పని చివర ఇచ్చు బహుమానమును కాదు, పనిలోనే కలదు.

ఈ కథలను విని కొందఱు యజమానులు వేరొక పాఠము నేర్చుకొందురు. "పనియే పూజ కదా, జీతము మాట ఏల?" అని ప్రశ్నింతురు. ఇది శరణుల మాటను తలక్రిందులు చేయుట. కల్యాణములో కాయకము జీతము లేని వెట్టి కాదు. కాయకము వలన వచ్చినదానితోనే ఇల్లు గడచెను, దాసోహము జరిగెను. బిజ్జలుని కొలువులో మంత్రియైన బసవేశ్వరుల యెదుట చెప్పులు కుట్టు హరళయ్య తలవంచి నిలువవలసిన పని లేకపోయెను. ఆ సమానత్వము తీసివేసి కాయకమను పేరు మాత్రము మిగుల్చుట దోపిడికి విభూతి పూయుటయే.

ఇక దువ్వాడ చెంతనున్న ఉక్కు కర్మాగారపు వృత్తాంతమును తలచినచో ఈ విచారణకు రక్తమాంసములు వచ్చును. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అను నినాదముతో 1966లో సాగిన ఉద్యమములో 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడెను. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసిరి. నిర్వాసిత కుటుంబములకు ఆర్ కార్డులు ఇచ్చిరి; ఆ కార్డును పెట్టెలో దాచుకొని ఉద్యోగము కొరకు వేచియున్న ఇండ్లు నేటికిని కలవు. కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టిరి. యంత్రమునకు నది పేరు, అన్నము పెట్టు తల్లి పేరు పెట్టుట చిన్న సంగతివలె తోచును గాని, జనులు దానినెట్లు తమదిగా చూచుకొనిరో అందులో తెలియుచున్నది.

2021 జనవరి 27న కేంద్ర ప్రభుత్వము ఈ సంస్థలోని తన వాటాను పూర్తిగా అమ్మివేయుటకు సూత్రప్రాయముగా అంగీకరించెను. ఫిబ్రవరి నుండి కూర్మన్నపాలెం కూడలిలో నిరాహార దీక్షలు మొదలాయెను. అదే ఏడాది ఏప్రిలులో దేశమంతటను కోవిడ్ రోగులు ఊపిరి అందక అల్లాడుచుండగా, తొలి ఆక్సిజన్ రైలు ఈ కర్మాగారమునుండియే ప్రాణవాయువును నింపుకొని ఏప్రిల్ 22న మహారాష్ట్రకు బయలుదేరెను. రేపు తమ ఉద్యోగమేమగునో తెలియని వారే ఆ ట్యాంకులను నింపిరి. 2021–22లో ఆ సంస్థకు 913 కోట్ల రూపాయల లాభము వచ్చెను. ఉక్కు ధర పెరుగుట అందులో పెద్ద పాలు కావచ్చును. దానిని మరుగుపరచి కార్మికులను మాత్రమే పొగడుట న్యాయము కాదు. కాని దిగులుతో నున్న మనుష్యులు పనిని నిర్లక్ష్యము చేయకుండుటకు కారణమేమి? అది ఉచిత కాఫీ కాదు, ఏటేట జరుపు క్రీడోత్సవమును కాదు. ఈ పని నాది, దీని ఫలము నా వారిది అను భావము. అది యజమాని ఇచ్చినది కాదు గనుక యజమాని తీసివేయుటయు అంత సులభము కాదు.

ఆ భావమునకును హద్దు కలదు. ఈ కర్మాగారమునకు స్వంత ఇనుపఖనిజపు గని లేదు. ముడిసరుకు కొనుగోలు, అప్పుల వడ్డీ కలిసి మీద పడగా 2023–24లో నష్టము 4,800 కోట్లు దాటెను. 2024లో జీతములు ముక్కలుగా చెల్లింపబడినవి. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల సహాయమును ప్రకటించెను. పిల్లవాని కళాశాల రుసుము గడువు దాటుచుండగా సగము జీతమందిన తండ్రికి కాయక తత్త్వము బోధించుట ఎట్లుండును? ఆకలిగొన్నవానికి ముందు అన్నము పెట్టి తరువాత మాటాడుటయే దాసోహపు మర్యాద.

అంతకన్న ముందరి మాట మరియొకటి కలదు. 2012 జూన్ 13న ఉక్కు కరిగించు విభాగమున జరిగిన ప్రేలుడులో 19 మంది మరణించిరి. షిఫ్టునకు పోయినవాడు తిరిగి ఇల్లు చేరుననెడి నమ్మకమే సంతోషమునకు పునాది. ఆ తరువాతనే గుర్తింపు, ఎదుగుదల మొదలైనవన్నియు. ఒకే కొలిమి వేడికి ఒకే చెమట కార్చు పర్మనెంటు ఉద్యోగికిని కాంట్రాక్టు కూలికిని జీతములో, భద్రతలో, పలుకరింపులో భేదమున్నంత కాలము ఆ విభాగమున సంతోషము సగము మందికే దక్కును. తక్కిన సగము మంది మౌనముగా నుందురు; ఆ మౌనమును తృప్తియని అధికారులు పొరబడుదురు.

ఉద్యోగియు లక్కమ్మ ప్రశ్నకు అతీతుడు కాడు. హాజరు వేసి ప్రక్క గదిలో నిద్రించువాడు, చేయని ఓవర్‌టైము వ్రాయించుకొనువాడు ఇంటికి తెచ్చునది కూడ ఏరగూడని బియ్యమే. అట్టివాని పనిని చీకటిలో మరియొకడు మోయుచుండును.

మఠములకును ఈ ప్రశ్న దూరపుది కాదు. పాఠశాలలు, వసతిగృహములు, అన్నసత్రములు నడుపు మఠములలో వంటవారు, తోటమాలులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు పనిచేయుచున్నారు. వారిలో కొందఱు సేవయను పేరున తక్కువ జీతమునకు ఏండ్లు గడపినవారు. పండుగనాడు వందల పంక్తులకు వడ్డన ముగిసిన పిదప, పొయ్యి దగ్గఱ నిలిచిన వంటవాని కొరకు విస్తరి వేసినవారెవరో, అతని నెల జీతము ఏ తేదీన అందుచున్నదో, వచ్చే జయంతి సభకు ముందే విచారించి చూడవచ్చును.