గీతకు పైన, గీతకు క్రింద



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘములోని యౌవనస్థు డొకడు నా యొద్దకు వచ్చెను. ఫిల్మ్ నగరులోని థియేటర్లలో డబ్బింగు చెప్పుట అతని వృత్తి. తల్లితో కూడ కృష్ణానగరులో కాపురముండును. “అయ్యగారండీ, పెంతెకొస్తు వ్యాఖ్యానమున్న స్టడీ బైబిలు ఒకటి కొనుక్కోవాలని ఉంది. కొనవచ్చా? కొంటే ఏది మంచిది?” అని అడిగెను. ఏది మంచిదో పుస్తకములమ్మువాడును చెప్పగలడు. కొనవచ్చునా యను మొదటి ప్రశ్నయే నన్ను ఆలోచనలో పడవేసెను.

ఎందు కడుగుచున్నావని విచారింపగా సంగతి బయటపడెను. అతని తల్లికి చాల ఏండ్లుగా చక్కెర వ్యాధి. ఆమె వారము మధ్యలో ఒక ప్రార్థన కూటమునకు పోవుచుండును. అక్కడ ఒక సహోదరుడు తన స్టడీ బైబిలు తెరచి, యెషయా 53వ అధ్యాయము క్రిందనున్న వ్యాఖ్య చదివి, స్వస్థత సిలువలోనే సంపాదింపబడినది గనుక మాత్రలు మ్రింగుట అవిశ్వాసమని చెప్పెనట. ఆమె మూడు వారములు మాత్రలు మానివేసెను. కాలిమీది పుండు పెద్దదాయెను. “అమ్మతో వాదించలేకున్నానండీ. బైబిల్లోనే ఉందిరా అంటుంది. ఆ పుస్తకం నా దగ్గరా ఉంటే, అందులో నిజంగా ఏముందో చూపించవచ్చు గదా” అనెను.

బైబిల్లోనే ఉన్నది! ఈ మాట విని నేను ఆ తల్లిని తప్పుపట్టలేకపోతిని. నేను క్రొత్తగా సేవలో ప్రవేశించిన దినములలో నా చేతిలో స్కోఫీల్డు రెఫరెన్సు బైబిలు ఉండెడిది. ఒకనాడు ప్రసంగములో, లోకము క్రీస్తుకు పూర్వము 4004వ సంవత్సరమున సృజింపబడెనని లేఖనము చెప్పుచున్నదని ధైర్యముగా పలికితిని. ఆరాధన తరువాత ఒక వృద్ధురాలు తన పాత తెలుగు బైబిలు పట్టుకొని వచ్చి, “అయ్యగారూ, ఆ లెక్క ఏ వచనంలో ఉందో కాస్త చూపించండి, గుర్తు పెట్టుకుంటాను” అనెను. ఆదికాండము తెరచి వెదకితిని. వచనములో లేదు. అది 17వ శతాబ్దములో ఐర్లండు దేశపు ఆర్చిబిషప్పు అషరు వేసిన లెక్క. అచ్చువేయువారు దానిని పేజీ అంచున చేర్చిరి. నేనది వాక్యముతోపాటే చదివి, వాక్యముగానే మ్రింగితిని. ఆ అవ్వ బైబిలులో అంచు ఖాళీగా నుండుటచేత ఆమెకు ఆ మోసము జరుగలేదు.

ఆమె బైబిలు అట్లుండుటకు కారణమున్నది. 1560లో జెనీవాలో అచ్చయిన ఆంగ్ల బైబిలు అంచులనిండ వ్యాఖ్యలుండెను. వాటిలో కొన్ని రాజుల అధికారమును ప్రశ్నించుట జేమ్సు రాజునకు గిట్టలేదు. 1611 నాటి అనువాదము అట్టి వ్యాఖ్యలు లేకుండ వెలువడెను. 1804లో లండనులో స్థాపింపబడిన బైబిలు సొసైటీ, వ్యాఖ్య గాని వివరణ గాని చేర్చక వాక్యమును మాత్రమే అచ్చువేయుట నియమముగా పెట్టుకొనెను. పలు సంఘములవారు ఒకే పుస్తకమును పంచుకొనవలెనన్న అంతకంటె వేరు మార్గము లేదు. మన పెద్దల తరము చేతబట్టిన తెలుగు బైబిలు ఆ సంప్రదాయమునుండి వచ్చినదే.

అయితే వ్యాఖ్య లేని బైబిలులో మానవ స్వరమే లేదని అనుకొనరాదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము రెండవ వచనము చూడుడి. పౌలు ఎఫెసులోని శిష్యులను పరిశుద్ధాత్మను గూర్చి అడిగిన ప్రశ్నను, 1611 ఆంగ్ల అనువాదము విశ్వసించిన తరువాత పొందితిరా అను భావముతో వ్రాసినది. మన తెలుగు బైబిలు విశ్వసించినప్పుడు అని వ్రాసినది. గ్రీకు మాట రెంటికిని చోటిచ్చును. ఆత్మ బాప్తిస్మము రక్షణానుభవమునకు తరువాతిదని చెప్పు పెంతెకొస్తు సహోదరునికి ఆంగ్లము తోడుపడును. ఒకేసారి యనువారికి తెలుగు తోడుపడును. వ్యాఖ్య ఒక్కటియు అవసరము లేకయే వాదము మొదలైనది!

ఇక పెంతెకొస్తువారి స్టడీ బైబిళ్ల సంగతి. విచిత్రమేమనగా, 1909లో వచ్చిన స్కోఫీల్డు బైబిలు భాషల వరము విషయమై వారి పక్షమున లేకపోయినను, వారిలో అనేకులు దానినే చాలకాలము వాడుకొనిరి. 1963లో డేకు వ్యాఖ్యానములతో సంపూర్ణ బైబిలు వెలువడెను. డొనాల్డు స్టాంప్సు అను అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ మిషనరీ బ్రెజిలు దేశములో పనిచేయుచు, అక్కడి కాపరులకు పుస్తకములు కరవగుట చూచి వ్రాయ మొదలిడిన వ్యాఖ్యలు 1992లో ఫుల్ లైఫ్ స్టడీ బైబిలుగా పూర్తియైనవి. అప్పటికే ఆయన కన్నుమూసెను. 2003లో అది లైఫ్ ఇన్ ది స్పిరిట్ అను పేరుతో వచ్చెను. జాక్ హేఫోర్డు సంపాదకత్వమున మరియొకటి 1991లో వచ్చెను. పుస్తకములు కొనలేని కాపరికొరకు ఒకడు తన ఆయుష్షు వెచ్చించి వ్రాసినదానిని, మన వర్గము కాదని త్రోసివేయుట నాకు న్యాయముగా తోచదు. పెంతెకొస్తును అమెరికా సరకనుటయు సరికాదు. లాస్ ఏంజెలెసులో అజూసా వీధి కూడికలు 1906లో మొదలుకాక మునుపే, 1905లో పండిత రమాబాయిగారి ముక్తి ఆశ్రమములో గొప్ప ఉజ్జీవము కలిగెను.

అంతకంటె, వారి వ్యాఖ్యలు మనలను ఒకచోట గద్దింపవలసియున్నది. జూబ్లీ హిల్సులోని ఫంక్షను హాళ్లలో జరుగు పెండ్లిండ్లలో మొదటి కొరింథీ 13వ అధ్యాయము ఎంతో ఇంపుగా చదువుదుము. దానికి ముందున్న 12ను, వెనుకనున్న 14ను ఎన్నడు తెరచితిమి? అవి వరములను గూర్చినవి, మనకు ఇబ్బంది. ప్రేమను వరముల నడుమనుండి పెరికి పూలదండకు కట్టితిమి. ఇదియు ఒక వ్యాఖ్యానమే గదా, అచ్చులో లేదంతే. ఆ 13వ అధ్యాయములోనే పూర్ణమైనది వచ్చునన్న మాటకు, లేఖనములు సంపూర్తియగుటయని కొందరును, ప్రభువు రాకడయని పెంతెకొస్తువారును అర్థము చెప్పుదురు. ముఖాముఖిగా చూచుటను గూర్చి అక్కడే వ్రాయబడియుండగా, ఈ విషయములో వారి మాటయే నాకు బలమైనదిగా కనబడుచున్నది.

ఇదంతయు విని ఆ యౌవనస్థుడు నవ్వి, “మా పనిలో అతుకు కనబడకుంటేనే మెచ్చుకుంటారండీ. పెదవి ఒకరిది, గొంతు ఒకరిది. చూసేవాడికి తెలిసిందంటే మా పని చెడినట్టే” అనెను. 1978లో తెలుగులో తీసిన కరుణామయుడు చిత్రము అనేక భాషలలోనికి డబ్బింగు చేయబడినది. విజయచందర్ ముఖము ఒకటే, గొంతులు వేరు. చూచినవారు వేరు గొంతని ఎంచక కన్నీరు విడిచిరి. సినిమాకు అది మేలే. యెషయా పెదవులకు మన గొంతు అంతే నేర్పుగా అతికించి, అతుకు చెరిపివేసిన యెడల, ఒక తల్లి కాలు పోవచ్చును. కాబట్టి నేనతనితో, “బాబూ, కొనుము. తన అతుకును దాచని పుస్తకము కొనుము. ఇతరులు వేరుగా తలంతురని ఒప్పుకొను వ్యాఖ్య దొరికితే అట్టిదానిని ఎక్కువ నమ్ముము. నీ మనస్సుకు నచ్చినదే చెప్పు పుస్తకము నీకు బోధకుడు కాదు, నీ ప్రతిధ్వని” అని చెప్పితిని.

ఆ సాయంకాలము వారి యింటికి వెళ్లితిని. తల్లితో వాదింపలేదు. యాకోబు 5వ అధ్యాయము ఆమెచేతనే చదివించితిని. పెద్దలను పిలిపించి నూనె రాసి ప్రార్థించుమని అందున్నది, ప్రార్థించితిమి. తరువాత రెండవ తిమోతి పత్రిక చివర, పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చిన మాట చదివించితిని. మొదటి పత్రికలో తిమోతి కడుపునొప్పికి ఆయన కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మన్న మాటయు చదివించితిని. ఆమె చాలసేపు ఊరకుండి, “ఇవి ఎవరూ చదివి వినిపించలేదయ్యగారూ” అనెను. నేను సిగ్గుపడితిని. ఆమె మా సంఘములోనిది. చదివి వినిపింపవలసినవాడను నేనే. మరునాడు కుమారుడు ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోయెను.

అతడు చివరకు ఆబిడ్సులో ఆదివారము కాలిబాటమీద అమ్ము పాత పుస్తకములలో ఫుల్ లైఫ్ బైబిలు ఒకటి కొని తెచ్చి నాకు చూపెను. మునుపటి యజమానుడెవరో ఎఱ్ఱ సిరాతో విరివిగా గీతలు గీసియుండెను. త్రిప్పి చూచితిమి, ఆ గీతలలో హెచ్చుభాగము వ్యాఖ్యల క్రిందనే. ఇప్పుడు రాత్రులు అతడు ఆ ఆంగ్లమును చూచుచు తల్లికి తెలుగులో చెప్పుచున్నాడు. ఆమె మాత్రలు వేసికొని, తన పెద్ద అక్షరముల తెలుగు బైబిలు ఒడిలో తెరచుకొని వినుచు, మాటిమాటికి అతనిని ఆపి, “అది గీతకు పైదా, కిందిదా?” అని అడుగుచున్నదట.