దుర్యోధనుడి కోసం ఏడవచ్చా?

సందేహం: మాది పుత్తూరు దగ్గర పల్లె. ధర్మరాజుల గుడి ముందర భారతం మిట్ట మీద ఏటా 18 రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఈసారి గుండం దిగుతానని మొక్కుకొని కంకణం కట్టుకున్నాను. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. నేలమీద పడుకోబెట్టిన ఆ పెద్ద మట్టిబొమ్మ తొడ మీద భీముడి వేషగాడు గద వేయగానే నాకు దుఃఖం ఆగలేదు. ఒక్కణ్ణి చేసి, అదీ తొడలు విరగ్గొట్టి చంపారే అనిపించింది. మా అత్తమ్మ చూసి, "వాడి కోసం ఏడ్చినదానివి, ద్రౌపదమ్మ గుండం ఎట్ల దిగుతావు?" అనింది. భయపడి దిగలేదు. నేను చేసింది పాపమా? మొక్కు తప్పినట్టేనా?
— ఒక పాఠకురాలు

సమాధానం: పాపం కాదమ్మా. అక్కడ దుఃఖం రావాలనే వ్యాసుడు ఆ ఘట్టాన్ని అట్లా నడిపాడు.

శల్యపర్వం చూడండి. నాభికి దిగువన కొట్టరాదన్నది గదాయుద్ధ నియమం. భీముడు దాన్ని తప్పాడు. బలరాముడు మండిపడి నాగలెత్తి భీముడి మీదికి వెళితే కృష్ణుడు పట్టుకొని ఆపాల్సివచ్చింది. పడిపోయినవాడి తలను భీముడు ఎడమకాలితో తన్నాడు. అప్పుడు అడ్డుపడింది ధర్మరాజు. ఇతడు రాజు, మన జ్ఞాతి, తమ్ముళ్లూ కొడుకులూ పోయినవాడు, కాలు తియ్యమన్నాడు. దుర్యోధనుడి దగ్గరికి వెళ్లి కన్నీళ్లతో మాట్లాడాడు. మీరు ఎవరి గుడి ముందర కూర్చుని ఏడ్చారో ఆయనే ఏడ్చాడు. ఇక మీ అత్తగారు ఎవర్ని తప్పుపడతారు?

అక్కడితో ఆగలేదు వ్యాసుడు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్లేసరికి దుర్యోధనుడు అప్పటికే సింహాసనం మీద వెలిగిపోతున్నాడు. ధర్మరాజుకు కోపం వచ్చింది. క్షత్రియ ధర్మం ప్రకారం యుద్ధంలో దేహం విడిచాడు కనుక ఈ లోకం దక్కిందని నారదుడు చెప్పాల్సివచ్చింది.

అయితే మీ ప్రశ్నలో ఒక మాట ఒప్పుకోలేను. ఒక్కణ్ణి చేసి చంపలేదు. మడుగులో దాక్కున్న దుర్యోధనుడు బయటికి వచ్చినప్పుడు ధర్మరాజు ఒక వరం ఇచ్చాడు: మా అయిదుగురిలో నీకు ఇష్టమైన ఒక్కడితో, నీకు ఇష్టమైన ఆయుధంతో పోరాడు, గెలిస్తే రాజ్యం నీదే. నకులుణ్ణో సహదేవుణ్ణో కోరుకొని ఉంటే ఏమయ్యేదని కృష్ణుడు ధర్మరాజును గట్టిగా మందలించాడు కూడా. ఒక్కణ్ణి చేసి పలువురు చుట్టుముట్టి చంపింది అభిమన్యుణ్ణి, యుద్ధం పదమూడో రోజున. చంపింది దుర్యోధనుడి పక్షం వాళ్లు. ఇక ఆ తొడ అంటారా, నిండు సభలో ద్రౌపదికి బట్ట తొలగించి చూపింది ఆ తొడే. భీముడి ప్రతిజ్ఞ పుట్టింది అప్పుడే.

ఈ కాలంలో దుర్యోధనుడి మీద జాలి పెరగడానికి 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' కూడా ఒక కారణం. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలను రామారావు పలికిన తీరుకు పరవశించని తెలుగువాడు అరుదు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడి పుట్టుక అడిగినవాళ్లను దుర్యోధనుడు నిలదీయడం కవి కల్పన కాదు, మూలంలోనే ఉంది. మంచి వాదం. కానీ పుట్టుకను బట్టి మనిషిని కొలవవద్దన్న ఆ నోరే తర్వాత ఒక ఆడదాన్ని దాసీగా ఇల్లు ఊడ్వడానికి రమ్మంది. సినిమా చూసి చప్పట్లు కొట్టేవాళ్లు ఈ రెండూ కలిపి వినాలి. ఇది మనకే వచ్చిన చిక్కు కాదు. 1667లో మిల్టన్ రాసిన కావ్యంలో దేవుడి కన్నా సైతానే ఆకట్టుకుంటాడని ఇంగ్లీషు పాఠకులు ఈనాటికీ తగువులాడుకుంటారు.

జాలికి హద్దు ఎక్కడుందో మహాకవి భాసుడి 'ఊరుభంగం' చూపిస్తుంది. అందులో చిన్న కొడుకు దుర్జయుడు అలవాటుగా తండ్రి ఒళ్లోకి ఎక్కబోతాడు. తొడలు విరిగిన తండ్రి వద్దనాల్సివస్తుంది. సంస్కృత నాటకాల్లో అంతకన్నా గుండె పిండే చోటు నాకు తెలియదు. ఆ తండ్రి కొడుకుకు చెప్పేదేమిటి? నన్ను సేవించినట్టే పాండవులను సేవించు, ద్రౌపదిని తల్లిగా చూసుకో. భాసుడు అతని తప్పు చెరిపేసి జాలి పుట్టించలేదు, అతని మనసు మార్చి పుట్టించాడు.

వ్యాసుడి దుర్యోధనుడు మాత్రం మారలేదు. ఆ తొడలు విరిగిన స్థితిలోనే అశ్వత్థామకు సేనాపతిగా అభిషేకం చేయించాడు. ఆ రాత్రే ద్రౌపది అయిదుగురు కొడుకులూ నిద్రలో హతమయ్యారు. ఆ వార్త విని సంతోషించి ప్రాణం విడిచాడు. మీ ఊరి భారతంలో పొద్దున వధ, సాయంత్రం గుండం. మధ్యలో ఈ రాత్రి కథ చాలామంది చెవిన పడదు. సౌప్తిక పర్వం చిన్నదే, మీరు తప్పక చదవండి. చదివాక కూడా జాలి మిగిలితే అది ధర్మరాజు జాలి లాంటిది. దానికి దోషం లేదు. ద్రౌపదిని మరిచిపోతే మిగిలే జాలి వేరు, దాన్ని నేను సమర్థించను.

మొక్కు తప్పలేదు, వాయిదా పడింది. ప్రాయశ్చిత్తం అక్కర్లేదు. కంకణ నియమాలు గుడికో తీరుగా ఉంటాయి కనుక పూజారిని ఒక మాట అడిగి వచ్చే ఏడు మళ్లీ కట్టుకోండి. వధ చూసి ఏడుపొస్తే ఏడవండి. సాయంత్రం గుండం దిగండి.