రాళ్లును, రెండు కాసులును

మెదకు పట్టణమునకు పోవు బాటసారికి దూరమునుండియే దేవాలయ గోపురము కనబడును. దాని ఎత్తు 175 అడుగులు. దేవాలయము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. వెస్లియన్ మెథడిస్టు మిషనెరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో ఈ పని మొదలుపెట్టించిరి. 1924 డిశెంబరు 25న, క్రిస్మసు దినమున, అది ప్రతిష్ఠింపబడెను. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన పిమ్మట మెదకు అధ్యక్షఖండమునకు అదే ప్రధాన దేవాలయమాయెను.

ఆ పదియేండ్లు ఎట్టి పదియేండ్లో మనము తలంచుకొనవలెను. మొదటి నాలుగేండ్లు లోకమంతట యుద్ధము. 1918లో వానలు తప్పినవి. ఆ యేటనే ఇన్‌ఫ్లుయెంజా విషజ్వరము దేశమంతట వ్యాపించి లెక్కకు మించిన ప్రాణములను తీసికొనిపోయెను. పల్లెలలో గాదెలు వట్టివైనవి. అట్టి దినములలో అంత గొప్ప కట్టడమేల? ఆ ధనముతో బావులు త్రవ్వించి, గింజలు కొని పంచిపెట్టియుండరాదా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దేవుని మందిరమును గూర్చి ఇట్లు అడుగుట అవిశ్వాసము కాదు.

బేతనియలో ఒక స్త్రీ మిక్కిలి విలువగల అత్తరు బుడ్డి పగులగొట్టి ప్రభువు తలమీద పోసినప్పుడు, మున్నూరు దేనారములకు పైగా పలుకు దానిని అమ్మి బీదలకు ఇయ్యరాదా అని అక్కడివారు సణుగుకొనిరి. ప్రభువు ఆ స్త్రీ పక్షమున మాటలాడెను. కావున దేవునికొరకు చేయు ప్రతి పెద్ద ఖర్చును దుబారా అనుటకు వీలులేదు. అయితే ఆ ప్రభువే మరియొకచోట, తలిదండ్రులకు చెందవలసినదానిని కొర్బానని పేరుపెట్టి దేవునికి అర్పించువారిని గద్దించెను. ఈ రెంటికి భేదమెక్కడ? ఆ స్త్రీ తన బుడ్డిని పగులగొట్టెను. ఈ మనుష్యుడు తన తండ్రి కంచమును లాగికొని బలిపీఠముమీద పెట్టెను. అర్పణ ఎంత పెద్దదని కాక, అది ఎవరి నోటినుండి వచ్చినదని దేవుడు చూచును.

ఈ కొలతతో మెదకు దేవాలయమును కొలిచి చూతము. ఆకలిగొన్నవారు అక్కడికి వచ్చి రాళ్లు మోసి, సున్నము కలిపి, పనికి ప్రతిగా అన్నము పొందిరని ఆ ప్రాంతపువారు నేటికిని చెప్పుకొందురు. గోడ లేచుచుండగా పొయ్యియు రగులుచుండెను. బిచ్చమెత్తి తినుట వేరు, పనిచేసి తినుట వేరు. పనిచేసి తిన్నవాడు తలయెత్తుకొని ఇంటికి పోవును. తరువాత తన మనుమని చేయిపట్టుకొని వచ్చి, ఈ రాయి నేను మోసినదని చూపగలడు. ఆ గోపురము ఎవరి కంచమునుండియు తీసికొనలేదు గనుకనే మనము దానిని సంతోషముతో చూడగలము.

డోర్నకల్‌లో మరియొక దేవాలయమున్నది. హైందవ ఆలయముల స్తంభముల పోలికయు, మసీదుల గుమ్మటముల పోలికయు కలిపి బిషప్ అజరయ్యగారు దానిని కట్టించిరి. అది 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. ఆ అధ్యక్షఖండములోని తల్లులు వంటకు బియ్యము కొలుచుకొనునప్పుడు ఒక పిడికెడు తీసి ప్రభువుకొరకు వేరే కుండలో వేయుచుండిరి. ఆ పిడికెడు స్వేచ్ఛగా ఇచ్చినది. కుండలో ఏమియు లేని దినమున ఎవరును తలుపు తట్టి అడుగలేదు. మెదకులో దేవాలయమునుండి పేదల ఇండ్లకు అన్నము పోయెను; ఇచ్చట పేదల ఇండ్లనుండి దేవాలయమునకు బియ్యము వచ్చెను. రెండును మంచివే, ఏలయనగా రెంటియందును బలవంతము లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వత్తము. మన తాతలు మట్టియు సున్నమును కలిపి గోడలు పెట్టి, తాటి దూలములు ఎత్తి, పెంకులు కప్పిన చిన్న గుడులు అనేక పల్లెలలో ఉన్నవి. వాటిని పడగొట్టి, ఎత్తైన శిఖరముతో క్రొత్త దేవాలయము కట్టవలెనని సంఘపెద్దలు కూర్చుండి తీర్మానింతురు. ఇంటింటికి ఇంత చందా అని వ్రాయుదురు. కూలికి పోవు విధవరాలి పేరును ఆ పట్టీలో ఉండును. ఇయ్యలేకపోయినయెడల ఆదివారమున ఆమె వెనుక వరుసలో తలవంచుకొని కూర్చుండును, లేక రానే రాదు. కొందరు వడ్డీకి తెచ్చి చెల్లింతురు. సహోదరులారా, ఆ అప్పుమీద నిలిచిన శిఖరము ఎవరికి మహిమ?

గోడ బీటలువారి ప్రాణాపాయమున్నయెడల పడగొట్టి కట్టుటయే ధర్మము. పాతదని రాళ్లకు మ్రొక్కనక్కరలేదు. కాని ప్రక్క ఊరి దేవాలయముకంటె మనది పొట్టిగానున్నదన్న సిగ్గే కారణమైనయెడల, గునపము చేతపట్టకముందు ఆ గోడలో ఎవరి చెమటయున్నదో అడిగి తెలిసికొనుడి. పెంకులు మార్చి, సున్నము పూసినచో ఇంకొక తరమునకు నిలుచునేమో చూడుడి. కట్టక తప్పనియెడల నెమ్మదిగా కట్టుడి. మెదకు దేవాలయములోని మూడు రంగుటద్దముల కిటికీలలో ఆరోహణ చిత్రము 1927లోను, జనన చిత్రము 1947లోను, సిలువ చిత్రము 1958లోను అమర్చబడినవి. ప్రతిష్ఠ జరిగిన 34 ఏండ్లకు గాని మూడవ కిటికీ రాలేదు. అంత పెద్ద సంఘము వేచియుండగలిగినప్పుడు, మన చిన్న సంఘమునకు తొందర ఏల?

మార్కు సువార్తలో ఒక వరుస యున్నది. విధవరాండ్ర ఇండ్లు దిగమ్రింగువారిని గూర్చి ప్రభువు మొదట హెచ్చరించెను. వెంటనే ఒక బీద విధవరాలు రెండు కాసులు వేయుట చూచి, శిష్యులను పిలిచి ఆమెను చూపెను. తరువాత వారు దేవాలయమునుండి బయటికి వచ్చుచుండగా, శిష్యులలో ఒకడు ఆ రాళ్ల గొప్పతనమును ఆయనకు చూపెను. ఆ రాళ్లు నిలువవని ఆయన చెప్పెను. ప్రభువు విధవరాలిని చూపగా శిష్యుడు రాళ్లను చూపెను. మన సంఘపు లెక్కల పుస్తకము తెరచినప్పుడెల్ల మన కన్ను దేనిమీద నిలుచునో పరీక్షించుకొందము. ఆ విధవరాలు తలయెత్తుకొని ముందు వరుసలో కూర్చుండగలిగిన గుడి, పెంకుటిల్లైనను, దేవుడు నివసించుటకు చాలును.